నాలుగు బ్యాక్‌లాగ్‌లు, ఒక కేటరింగ్ పుస్తకం: ఒక డిగ్రీ కుర్రాడి కేస్ స్టడీ

విద్యార్థుల బాగోగులు చూసే లెక్చరర్ రాసే మెంటర్ రిజిస్టర్‌లో ఆ అబ్బాయి పేజీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది. మూడు ఎంట్రీలు. 19-9-2022: "హాజరు తక్కువ. మాట్లాడాను. ఇకపై రోజూ వస్తానన్నాడు." 14-10-2022: "మాట్లాడాను. వస్తానన్నాడు." 21-11-2022: "పై విధంగానే." మూడింటి కిందా నా సంతకం, పక్కన అతని సంతకం. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లకు చూపించడానికి ఆ రిజిస్టర్ బ్రహ్మాండంగా పనికొచ్చింది, అబ్బాయికి మాత్రం దాంతో వీసమెత్తు ఉపయోగం లేకపోయింది. అసలు ఈ మూడు ఎంట్రీల మధ్య నేను అతనితో మాట్లాడింది మొత్తం కలిపినా పది నిమిషాలు దాటదు, అందులోనూ తొమ్మిది నిమిషాలు నేనే మాట్లాడి ఉంటాను.

పేరు, ఊరు, కొన్ని గుర్తులు మార్చాను. ఓబులేసు అందాం. అతన్ని అడిగి, ఏది రాయొచ్చో ఏది వద్దో చెప్పించుకున్నాకే ఇది రాస్తున్నాను.

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. సైకాలజీ చదవలేదు, కౌన్సెలింగ్ సర్టిఫికెట్ ఏమీ లేదు. ముప్పై మంది అబ్బాయిలకు మెంటర్‌గా నా పేరు వేశారు, అంతే. అంతకుముందు ఆరేడేళ్లుగా ఒకటి గమనిస్తూ వచ్చాను. మా సెక్షన్లలో బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన పేపరు) లేనివాళ్ల లిస్టు తీస్తే పైనుంచి వరసగా అమ్మాయిల పేర్లే ఉంటాయి, హాజరు చాలక పరీక్ష రాయనివ్వకుండా ఆపేసేవాళ్ల, అంటే డీటైన్ అయ్యేవాళ్ల లిస్టులో వరసగా అబ్బాయిలు. కాలేజీలో చేరేవరకూ పెద్ద తేడా ఏమీ లేదు. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 లెక్కల్లో స్థూల నమోదు నిష్పత్తి (కాలేజీ వయసు జనాభాలో నూటికి ఎంతమంది చేరారన్న లెక్క) అమ్మాయిలది 28.5, అబ్బాయిలది 28.3, అంటే పిసరంత తేడా. చేరాక మా దగ్గర ఏమవుతోందన్నదే ప్రశ్న. (అమ్మాయిలకు అంతా సుఖంగా ఉందని అనడం లేదు. సెకండియర్ మధ్యలో పెళ్లి చేసి పంపిన పిల్లల సంగతి వేరే రాయాలి, అది ఇంతకంటే పెద్ద రాత.) స్టాఫ్ రూమ్‌లో దీనికి సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే: "మగపిల్లలకు సీరియస్‌నెస్ లేదు సార్, ఫోన్లు, బైకులు, రీల్సు." నేనూ అదే అనేవాణ్ణి.

ఓబులేసుది కళ్యాణదుర్గం అవతల ఓ పల్లె. ఐదెకరాల మెట్ట, చెనిక్కాయ పంట. వానలు మా జిల్లాలో ఎట్లా పడతాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ కావాల్సిన నెలలో కాదు. రెండు బోర్లు వేస్తే ఒకటి ఎండిపోయింది. నాయన కొన్ని నెలలు ఊళ్లో, కొన్ని నెలలు బెంగుళూరులో కన్‌స్ట్రక్షన్ పనిలో. ఓబులేసు పెద్దోడు, తర్వాత చెల్లెలు, తర్వాత తమ్ముడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021లో డిగ్రీలో చేరాడు. ఆ ఏడాదే మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు, మావాడిది సరిగ్గా ఆ మొదటి బ్యాచ్. పైగా కరోనా వల్ల ఆ బ్యాచ్‌కి ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాసే. అంటే రెండేళ్లుగా మూడు గంటలు కూర్చుని పరీక్ష రాయని పిల్లవాణ్ణి, తెలుగులోనే చదివినవాణ్ణి తెచ్చి ఇంగ్లీషులో ట్రయల్ బ్యాలెన్స్ వెయ్యమన్నాం. ఫస్టియర్ రెండు సెమిస్టర్లలో నాలుగు బ్యాక్‌లాగ్‌లు: రెండు అకౌంటింగ్ పేపర్లు, రెండు ఇంగ్లీషు.

ఇక నేను చేసిన తప్పు. నవంబర్ ఆఖరి వారంలో వాళ్ల నాయనకు ఫోన్ చేశాను. హాజరు 58 శాతం దగ్గరుంది, 75 ఉండాలి, ఇట్లాగే పోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఒకసారి రమ్మన్నాను. మర్నాడు పొద్దున ఫస్ట్ బస్సుకు వచ్చేశాడు ఆయన. భుజం మీద టవల్, చేతిలో గుడ్డసంచి. స్టాఫ్ రూమ్‌లో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, "పర్వాల్యా సామీ" అంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కొడుకును పిలిపించాను. ఆరుగురు లెక్చరర్లం ఉన్నాం, వాకిట్లో రికార్డులు పట్టుకుని ఫస్టియర్ అమ్మాయిలు నలుగురు నిలబడి ఉన్నారు.

"కాలేజీకి పోతాండా కాలేజీకి పోతాండా అని చెప్పి యాడ తిరుగుతాండావురా నువ్వు" అని చెయ్యి ఎత్తాడు. నేను పట్టుకున్నాను. ఓబులేసు ఒక్క మాట మాట్లాడలేదు, గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. నాయన నా వైపు తిరిగి, "వీడు చదవకపోతే సెప్పండ సామీ, నాతోపాటు బెంగుళూరు తీస్కపోతా, ఇద్దరం ఇటుకలు మోస్తాం" అన్నాడు. అంతా పదిహేను నిమిషాల్లో అయిపోయింది. బాగా గట్టిగా చెప్పాం, ఇక దారికొస్తాడనుకుని నేను క్లాసుకు పోయాను.

ఆ మర్నాటి నుంచి పదహారు రోజులు కాలేజీకి రాలేదు. ఫోన్ స్విచాఫ్.

పన్నెండో రోజు రాత్రి మా బంధువుల ఇంట్లో పెళ్లి, ఊరి బయట కల్యాణ మండపం. రెండో పంక్తిలో కూర్చున్నాను. ఆకు వేశారు, నీళ్ల బాటిల్ పెట్టారు. ఓళిగ వచ్చింది, ఓళిగ మీద నెయ్యి వచ్చింది, తర్వాత పప్పు బకెట్‌తో ఎరుపు రంగు టీషర్టు, నెత్తిన ప్లాస్టిక్ టోపీ ఉన్న కుర్రాడు వంగాడు. గరిటె నా ఆకు మీద ఆగిపోయింది. తలెత్తకుండానే, "పప్పు ఏస్నా సార్?" అన్నాడు. వేసి, పక్క ఆకుకు జరిగాడు. వాడు ఆ వరస చివరిదాకా నడిచిన తీరు మాత్రం నాకు బాగా గుర్తు, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు.

తిని లేచాక నేను వెళ్లిపోయి ఉంటే ఈ కేసు అక్కడితో అయిపోయేది. వెనక గిన్నెలు కడిగే చోటికి వెళ్లాను. రాత్రి పదకొండు దాటింది. బోరింగు పక్కన సిమెంటు గట్టు, దాని మీద డేక్షాలు. ఓబులేసు అన్నం అడుగంటిన గుండిగను కొబ్బరిపీచుతో రుద్దుతున్నాడు. నేను ఏమీ అడగకుండా పైపు పట్టుకుని నీళ్లు పోశాను. నా పెళ్లి ప్యాంటు తడిసింది. "వద్దు సార్" అన్నాడు రెండుసార్లు, తర్వాత ఊరుకున్నాడు. మూడు గుండిగలు అయ్యేదాకా ఇద్దరం మాట్లాడలేదు. నాలుగోదానికి అతనే మొదలుపెట్టాడు.

స్టాఫ్ రూమ్‌లో మూడు నెలల్లో రానిది ఇక్కడ ఇరవై నిమిషాల్లో వచ్చింది. దీనికి నాకు తెలిసిన కారణం ఒక్కటే. ఎదురుగా కూర్చోబెట్టి "నీ ప్రాబ్లం ఏంటో చెప్పరా" అంటే మగపిల్లలు నోరు తెరవరు, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమంటేనే చేతకానోడినని ఒప్పుకోవడం. పక్కన నిలబడి ఇద్దరూ ఒకే పని చేస్తున్నప్పుడు, చూపులు కలవనప్పుడు మాట దానంతట అదే వస్తుంది. అప్పటినుంచి నా మాటలన్నీ నడుస్తూనో, బండి మీదో, లైబ్రరీలో పాత పుస్తకాలు సర్దిస్తూనో.

అతను చెప్పింది ఇది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు అప్పట్లో తల్లుల ఖాతాలో పడేది, అక్కణ్ణుంచి కాలేజీకి కట్టాలి. ఒక విడత పడిన రోజే బోరు అప్పు వడ్డీకి పోయింది. కాలేజీలో 11,500 బాకీ. ఆఫీసు కిటికీ దగ్గర లైన్లో అందరిముందూ "బాకీ కట్టి మాట్లాడు" అన్నారు, రెండుసార్లు. ఈ బాకీ సంగతి అమ్మకు తెలుసు, నాయనకు తెలీదు. తానే తీర్చేద్దామని కేటరింగ్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. వడ్డనకు 400, కడుగుడు కూడా చేస్తే ఇంకో 100, భోజనం పెడతారు. ముహూర్తాలు లేని నెలల్లో కక్కలపల్లి టమాటా మండీలో బాక్సులు లారీలకెత్తే పని. రూముకు వచ్చేసరికి రాత్రి రెండు, ఒక్కోసారి మూడు.

"మరి నాతో చెప్పొచ్చు కదరా?"

"ఏమని సెప్పాల సార్? మా నాయన అప్పు చేసినాడనా?"

ఇంటికొచ్చి ఆ రాత్రే అతని హాజరు గంటల వారీగా తీశాను. ఈ పని ఎవరైనా చేసి చూడండి, కళ్లు తెరుచుకుంటాయి. మా దగ్గర ఎవరి గంటకు వాళ్లం హాజరు వేస్తాం, కానీ నెలాఖరుకు అన్నీ కలిపి ఒక శాతం చేసేస్తారు, 58 అని. విడివిడిగా చూస్తే మధ్యాహ్నం క్లాసుల్లో అతనిది 80 పైన. పొద్దున మొదటి రెండు గంటల్లో పాతిక శాతం కూడా లేదు. ఆ రెండు గంటలూ ఏమిటి? ఒకటి అకౌంటింగ్, ఒకటి ఇంగ్లీషు. టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జిని అడిగితే ఫస్టియర్‌లోనూ అంతే అన్నాడు. నాలుగు బ్యాక్‌లాగ్‌లకు కారణం బద్ధకమూ కాదు, బుర్రా కాదు, తొమ్మిదిన్నర. రాత్రి మూడింటికి పడుకున్నవాడు తొమ్మిదిన్నరకు బెంచీలో ఉండడం జరగని పని. మూడు నెలలుగా మొదటి గంట పాఠం చెప్తున్నది నేను, హాజరు పట్టీ నా చేతిలో ఉంది, నాకు కనపడలేదు.

ముందు డబ్బు. నాలుగు విడతల్లో కట్టేట్టు రాసిచ్చి మేనేజ్‌మెంట్‌ను ఒప్పించాను, తేలిగ్గా ఒప్పుకోలేదు, నేను పూచీ సంతకం పెట్టాను. కిటికీ దగ్గర కాకుండా నా టేబుల్ దగ్గర కట్టేట్టు మాట్లాడాను. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ వాడు కాలేజీకి తిరిగి రావడానికి అదే అసలు షరతు. కేటరింగ్ మానెయ్యమని నేను అనలేదు, అనడానికి నాకు హక్కు లేదు, ఆ 11,500 నేను ఇస్తానా? కడుగుడు మానేసి వడ్డన మాత్రం చేస్తే పన్నెండుకల్లా రూములో ఉండొచ్చని లెక్క వేసుకున్నది అతనే. రోజుకు వంద తగ్గుతుంది, సరే అన్నాడు. సంక్రాంతి తర్వాత అకౌంటింగ్ గంటను మధ్యాహ్నానికి మార్చుకున్నాను. దీనికి టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జిని రెండు వారాలు బతిమాలాల్సి వచ్చింది, ఆయన ల్యాబ్ గంటలు తారుమారయ్యాయని ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటాడు.

పాఠాల సంగతి ఇంతకంటే కష్టం. అంతకుముందు సాయంత్రాలు రెమిడియల్ క్లాస్, అంటే వెనకబడినవాళ్లకు అదనపు క్లాసు, పెట్టేవాళ్లం. నోటీసు బోర్డులో పేర్లు వేస్తాం, ఆ పేర్లున్న అబ్బాయిలు గేటు దాటి పోతారు. నలుగురు అమ్మాయిలు వచ్చి కూర్చుంటారు, వాళ్లకు నిజానికి అవసరమే ఉండదు.

ఈ మధ్యలోనే నాకు ఒక పాత సంగతి చదవడం తటస్థించింది. కాలిఫోర్నియా బర్క్‌లీ యూనివర్సిటీలో ఉరీ ట్రైస్‌మన్ అనే లెక్కల ఆయన 1970లలో నల్లజాతి విద్యార్థులు కాల్‌క్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారని వెతికాడు. తోటి లెక్చరర్లు చెప్పిన కారణాలు మన స్టాఫ్ రూమ్ కారణాలే: శ్రద్ధ లేదు, ఇంట్లో పట్టించుకోరు, పునాది లేదు. ఆయన పిల్లల వెంట తిరిగి చూస్తే అవేవీ కావు. బాగా చదువుతున్న చైనా మూలాల పిల్లలు సాయంత్రం గుంపుగా కూర్చుని ఒకరి లెక్క ఒకరు చూసుకుని వాదించుకుంటున్నారు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వాళ్లు గదిలో ఒంటరిగా. స్నేహం వేరు, చదువు వేరు. ఆయన పెట్టిన వర్క్‌షాపు రెమిడియల్ కాదు. ఇంకా కష్టమైన లెక్కలిచ్చి గుంపులుగా చేయించాడు, ఫలితాలు మారాయి.

అది అమెరికా, అక్కడి జాతి చరిత్ర వేరు, మనకు అతికించుకోకూడదు. కానీ "స్నేహం వేరు, చదువు వేరు" అన్నచోట ఆగిపోయాను. మా అబ్బాయిలు పొద్దుణ్ణుంచి రాత్రిదాకా కలిసే ఉంటారు. క్రికెట్ కలిసి, టీ కలిసి, సినిమాకు ఒకే బైకు మీద ముగ్గురు, ఒకే ప్లేటు ఉగ్గాని బజ్జీ నలుగురు. పుస్తకం తీస్తే మాత్రం ఎవడి మూల వాడిది. పక్కోడికి మనకేం రాదో తెలిసిపోతుందని భయం. అమ్మాయిలు హాస్టల్లో గుండ్రంగా కూర్చుని ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు.

రెమిడియల్ అన్న మాట తీసేశాను. మా కాలేజీ వెనక వేపచెట్టు చుట్టూ కట్ట ఉంది. మంగళ, గురువారాలు నాలుగింటికి ఆ కట్ట మీద కూర్చుంటాను, సీఏ ఫౌండేషన్ (చార్టర్డ్ అకౌంటెన్సీ మొదటి పరీక్ష) స్థాయి లెక్కలు రెండు తెస్తాను, రాగలిగినవాళ్లు రండి, కష్టంగా ఉంటాయి అని చెప్పాను. నోటీసు లేదు, పేర్లు లేవు. ఓబులేసును నేను పిలవలేదు, ఆఫీసు నుంచి వైట్‌బోర్డు మోసుకురమ్మన్నాను, తెచ్చినవాడు అక్కడే ఉన్నాడు. మొదటి రోజు ముగ్గురు, నెలకు ఆరుగురు, పరీక్షల ముందు పన్నెండు మంది. వాళ్లే "కట్ట" అని పేరు పెట్టుకున్నారు. "ఈరోజు కట్ట ఉందా సార్?"

అక్కడ ఒకటే నియమం. "అర్థమైందా?" అని ఎవరూ అడగకూడదు, నాతో సహా. ఆ ప్రశ్నకు మగపిల్లాడి దగ్గర ఒకటే జవాబు ఉంటుంది, "అయింది సార్." పదిహేనేళ్లు ఆ జవాబు నమ్మి పాఠాలు చెప్పాను. దాని బదులు, లెక్కలో ఒక్కో లైను ఒక్కొక్కరు చెప్పాలి. తప్పు చెప్పినా లైను ముందుకు పోతుంది, తేడా చివర్లో దానంతట అదే బయటపడుతుంది.

ఒక గురువారం బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ తీశాను. మన క్యాష్ బుక్కులో బ్యాలెన్స్ ఒకటి, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంకొకటి, రెంటికీ తేడా ఎందుకొచ్చిందో రాబట్టాలి. ఇంగ్లీషులో చదివితే "చెక్స్ ఇష్యూడ్ బట్ నాట్ ప్రెజెంటెడ్" దగ్గర అందరూ బిగుసుకుపోయారు. చెక్కు ఎప్పుడైనా చూశారా అంటే ఆరుగురిలో ఒక్కడు చూశాడు. నా చెక్కుబుక్కులోంచి ఒక కాగితం చింపి అందరి చేతుల్లో తిప్పాను, అయినా ముఖాల్లో వెలుగు లేదు. అప్పుడు ఓబులేసు జేబులోంచి చిన్న పాకెట్ పుస్తకం తీశాడు, అట్ట మీద పప్పు మరక.

"సార్, ఇది నాకు మొన్న జరిగింది. నా బుక్కులో ఎనిమిది ఫంక్షన్లు, 3,200. అడ్వాన్స్ 500 పోను 2,700 రావాల. మేస్త్రీ బుక్కులో ఆరే ఉండాయి, 1,900 అంటాడు. కొట్లాడుకున్నాం. సూస్తే ఆయన ఆదివారం రాత్రికే లెక్క కట్టేసినాడు, సోమవారం, మంగళవారం ఫంక్షన్లు ఇంకా ఎక్కల్యా. ఇద్దరిదీ కరెక్టే సార్."

బోర్డు మీద నేను పెన్ను పెట్టలేదు. మేస్త్రీ బుక్కు ఎడమవైపు, తన బుక్కు కుడివైపు రాసి, ఎక్కని రెండు ఫంక్షన్ల 800 కలిపి 1,900ను 2,700 చేశాడు. తర్వాత పాఠ్యపుస్తకంలో లెక్క తీసుకుని, "అంటే చెక్కు మనం రాసేసినాం, మన బుక్కులో ఎక్కింది, బ్యాంకోనికి ఇంకా చేరల్యా. వాని బుక్కులో డబ్బు ఎక్కువ కనపడతాది" అన్నాడు. బిగుసుకుపోయిన మిగతా ఐదుగురూ ఇక ఆగలేదు, బ్యాంకు చార్జీల సంగతి వాళ్లే తేల్చారు. ఇంగ్లీషు వాక్యాన్ని మాత్రం ఎట్లా రాయాలో మళ్లీ విడిగా రాయించాల్సి వచ్చింది, అర్థమైనంత మాత్రాన జవాబు పత్రంలో ఇంగ్లీషు రాదు కదా. దానికి ఒక థర్డియర్ అబ్బాయిని పెట్టాను, అతనూ తెలుగు మీడియంలోంచి వచ్చినవాడే, రోజుకు ఐదు వాక్యాలు. నన్ను అడగనివి వాళ్లు "అన్నా" అని అతన్ని అడిగేవాళ్లు. ఆ అన్నకు నేను మూడు వందల రూపాయల ఫోన్ రీచార్జ్ తప్ప ఏమీ ఇవ్వలేకపోయాను.

జనవరి ఆఖరుకు హాజరు చచ్చీచెడీ 65 దాటింది. హాజరు తగ్గినందుకు మినహాయింపుగా కట్టే కండోనేషన్ ఫీజు కట్టి మూడో సెమిస్టర్ పరీక్షలకు కూర్చున్నాడు. ఇక్కడిదాకా చదివి ఇక అంతా సాఫీ అనుకోకండి.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చిన రాత్రి పదకొండూ నలభైకి ఫోన్. "ఊరికే సేసినా సార్" అన్నాడు. ఈసారి స్టాటిస్టిక్స్ పోయింది. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. ఇలాంటప్పుడు చుట్టూ తిప్పి మాట్లాడకూడదని నేను ఒక శిక్షణలో విన్నాను. సూటిగా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు, అడగకపోవడమే ప్రమాదం. అడిగాను: "చచ్చిపోవాలని అనిపిస్తోందా ఓబులేసూ?" చాలాసేపు ఏమీ వినపడలేదు, దూరంగా లారీ హారన్ తప్ప. "ఇయ్యాల కాదు సార్. అప్పుడప్పుడు వస్తాది" అన్నాడు. ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని అడిగి, రూమ్మేట్‌ను లేపించి అతనితోనూ మాట్లాడాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇద్దరికీ పంపాను. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పొద్దున్నే బండి మీద ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లాను. చీటీ రాయించే లైన్లో ఇద్దరం నిలబడ్డాం. డాక్టరు ఏం చెప్పారన్నది అతని సొంత విషయం.

ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది, నూటికి డెబ్భై మందికి పైగా మగవాళ్లు. అందులో 13 వేలకు పైగా విద్యార్థులు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి. ఈ అంకెలు నాకు ముందే తెలుసు, పేపర్లో చదివాను. కానీ మూడు ఎంట్రీల్లో "మాట్లాడాను" అని రాసినప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మగపిల్లలు సాయం అడగరు. దాన్ని నేను మార్చలేను, వాళ్ల పంతొమ్మిదేళ్ల పెంపకం అది. నేను చేయగలిగింది, అడగాల్సిన అవసరం లేకుండా సాయాన్ని వాళ్లు నడిచే దారిలో పెట్టడం. కట్ట అట్లాంటిదే, నా టేబుల్ దగ్గర ఫీజు అట్లాంటిదే.

అదీ అందరికీ అందలేదు. కట్ట మీదికి మొదటి రోజునుంచి వచ్చిన ముగ్గురిలో ఒకడు నవ్వులాటల మనిషి, బ్యాక్‌లాగ్‌లు లేవు, అందరికంటే ముందు లెక్క తేల్చేవాడు. అతని గురించి నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. వేసవి సెలవుల తర్వాత రాలేదు. బెంగుళూరులో డెలివరీ పనికి పోయాడని నాకు తెలిసేసరికి నెల దాటింది. ఫోన్ చేస్తే, "బాగుండా సార్, నెలకు ఇరవై వేలు వస్తాండాది, డిగ్రీ అయితే ఇంత ఇస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. హాజరు తగ్గినవాణ్ణే చూసే రిజిస్టర్ అది, తగ్గనివాడు దాంట్లో కనపడడు.

ఓబులేసు నాలుగో సెమిస్టర్ హాజరు 77. ఇంగ్లీషు రెండూ, అకౌంటింగ్ ఒకటి సప్లిమెంటరీలో పోగొట్టుకున్నాడు, అంటే మా భాషలో పాసయ్యాడు. రెండో అకౌంటింగ్ ఐదో సెమిస్టర్‌తో పాటు అయింది. స్టాటిస్టిక్స్ మాత్రం 2024లో బ్యాచ్ అంతా బయటికి పోయినా మిగిలిపోయింది, ఆ తర్వాతే తేలింది. ఇందులో నా వల్ల ఎంత, ఫీజు బాకీ తీరడం వల్ల ఎంత, ఆసుపత్రి వల్ల ఎంత అంటే విడదీసి చెప్పలేను. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ పాతూరులో ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర చేశాడు, ఇప్పుడు అక్కడే జీఎస్టీ ఎంట్రీలు చేస్తున్నాడు. జీతం ఎక్కువేమీ కాదు. పెద్ద ముహూర్తాలప్పుడు ఇప్పటికీ వడ్డనకు పోతాడు, మేస్త్రీ లెక్కలు కూడా ఇతనే రాసిపెడుతున్నాడట.

రిజిస్టర్‌లో నేను స్కేలుతో గీసి ఒక కాలమ్ కలిపాను, "ఏ గంట తప్పుతున్నాడు" అని. "మాట్లాడాను" అని రాయడం మానేశాను, అతను చెప్పిన మాటల్లో ఒక వాక్యం రాస్తున్నాను. చాలా పేజీల్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

2024 వేసవిలో డిగ్రీ అడ్మిషన్లప్పుడు ఓబులేసు నాయన ఫోన్ చేశాడు. చిన్నోడు ఇంటర్ అయ్యాడు, వాణ్ణీ మీ దగ్గరే చేరుస్తానన్నాడు. సరే, రండి అన్నాను. పెట్టేయబోతుంటే ఆయనే మళ్లీ, "సామీ, ఒక మాట" అన్నాడు. "వానికేదన్నా తేడా వస్తే పెద్దోనికి ఫోన్ చెయ్యండ. నాకు చెయ్యొద్దండ."